సూర్యుడు అని రాసి ఊరుకోకండి

పదవ తరగతి జవాబు పత్రాలు దిద్దే ఏ సైన్సు మాస్టారికైనా ఒక సంగతి బాగా తెలుసు. ప్రశ్నలో "ఈ శక్తి ఎక్కడినుండి వచ్చింది?" అన్న మాట కనబడితే చాలు, సగంమంది పిల్లలు కళ్లు మూసుకొని "సూర్యుని నుండి" అని రాసేస్తారు. గాలి ఎందుకు వీస్తుంది? సూర్యుడు. వాన ఎందుకు కురుస్తుంది? సూర్యుడు. బొగ్గులో దాగిన శక్తి? అదీ సూర్యుడే. మార్కులు కూడా పడతాయి కనుక ఆ అలవాటు పోదు. ఆ జవాబు తప్పని నేననను. సగం జవాబు అంటాను. కిరాణా కొట్టువాడు తన చిట్టాలో "డబ్బు వచ్చినది" అని మాత్రం రాసి, ఎంత వచ్చిందో, ఏ సరుకు మీద వచ్చిందో, ఎక్కడ ఖర్చయిందో రాయకపోతే ఆ చిట్టా ఎవరికి పనికివస్తుంది?

ఈ సగం జవాబు ఎక్కడ పూర్తిగా బోల్తా పడుతుందో చూడాలంటే వాతావరణపు పై అంతస్తుకు వెళ్లాలి. మీ పుస్తకంలో బొమ్మ ఉంటుంది: కింద ట్రోపో ఆవరణం, దానిపైన స్ట్రాటో, ఆపైన మెసో, అన్నిటికంటె పైన థర్మో ఆవరణం. ప్రక్కన ఒక వంకరగీత. ఆ గీత కిందినుండి పైకి పోతూ ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తిరిగి, సుమారు 90 కిలోమీటర్ల ఎత్తు దాటాక ఒక్కసారిగా కుడివైపుకు పరుగెత్తుతుంది. అక్కడినుండి ఉష్ణోగ్రత పెరుగుతూ పోయి, 300, 400 కిలోమీటర్ల ఎత్తున 500 డిగ్రీల సెంటీగ్రేడునుండి 1,200 డిగ్రీల వరకు కూడా చేరుతుంది. మనం పేర్లు, ఎత్తులు కంఠస్థం చేయిస్తాం. ఆ గీత అలా ఎందుకు వంగిందని మాత్రం ఎవరూ అడగరు.

అడిగితే క్లాసులో ఠక్కున వచ్చే జవాబు, "పైకి పోతే సూర్యుడికి దగ్గరవుతాం కదా మాస్టారూ!" సరే, లెక్క వేయండి. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. మనం ఎక్కినది 500 కిలోమీటర్లు. అంటే దారిలో మూడు లక్షలవ వంతు. హైదరాబాదునుండి విజయవాడకు బయలుదేరినవాడు ఒక అడుగు వేసి "దగ్గరికి వచ్చేశాను" అన్నట్లే.

మరొక అనుమానం కూడా వస్తుంది. అంత వేడిలో ఉపగ్రహాలు కరిగిపోవా? కరగవు. దీపావళినాడు కాకరపువ్వొత్తి కాల్చినప్పుడు చేతిమీద పడే నిప్పురవ్వ వెయ్యి డిగ్రీలకు తక్కువ ఉండదు. అయినా చురుక్కుమని ఊరుకొంటుంది. చెంబెడు మరిగే నీళ్లు నూరు డిగ్రీలే, కాని ఒళ్లు బొబ్బలెక్కుతుంది. ఉష్ణోగ్రత అంటే ఒక్కొక్క అణువు ఎంత జోరుగా పరుగెత్తుతున్నదో చెప్పే కొలత. మొత్తం వేడి ఎంత అన్నది ఎన్ని అణువులున్నాయన్నదానిమీద ఆధారపడుతుంది. 400 కిలోమీటర్ల ఎత్తున గాలి మనం పీల్చే గాలికంటె పదివేల కోట్ల రెట్లకు మించి పలుచన. అక్కడి అణువులు జోరుగానే ఉంటాయి, కాని అవి చాలా కొద్ది.

ఇక్కడే అసలు కీలకం ఉంది. బీదవాడి ఇంట్లో పది రూపాయలు ఎక్కువ వచ్చినా తేడా కనబడుతుంది. పై గాలి అటువంటి బీదయిల్లు. చాలా చిన్న రాబడి కూడా అక్కడ ఉష్ణోగ్రతను వందల డిగ్రీలు మార్చివేస్తుంది.

మొదటి రాబడి సూర్యుడే, ఒప్పుకొందాం. కాని మనకు కనబడే సూర్యకాంతి కాదు. అది పై గాలిని తాకనైనా తాకకుండా కిందికి దిగిపోతుంది. అక్కడ చిక్కేది తీవ్రమైన అతినీలలోహిత కిరణాలు. అవి ఆక్సిజన్, నైట్రోజన్‌లను ఢీకొని ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. అలా ఊడిన ఎలక్ట్రాన్ల వల్లనే అయనావరణం ఏర్పడుతుంది. అవి మళ్లీ తాకిడులలో తమ శక్తిని పోగొట్టుకొంటే గాలి వేడెక్కుతుంది. ఈ కిరణాల వాటా ఎంతో తెలుసా? భూమి దగ్గర సూర్యశక్తి చదరపు మీటరుకు 1,361 వాట్లు. అందులో ఈ తీవ్ర కిరణాలు వాట్లో వెయ్యోవంతులు కొన్ని మాత్రమే. లక్ష రూపాయలలో అర్ధరూపాయి లోపు! పైగా ఈ అర్ధరూపాయి స్థిరంగా ఉండదు. సూర్యునిమీద మచ్చలు పెరిగి తరిగే పదకొండేండ్ల చక్రంలో ఇది రెండింతల వరకు మారుతుంది. మొత్తం సూర్యకాంతి మాత్రం వెయ్యింట ఒక వంతు మించి మారదు. కనుక "సూర్యుడు" అన్నప్పుడు ఏ సూర్యకాంతి అని అడగక తప్పదు.

రెండవ రాబడి సూర్యునినుండి కాంతి రూపంలో రాదు. సూర్యునినుండి విద్యుదావేశ కణాల గాలి ఎడతెగక వీస్తూ ఉంటుంది. దానిని సౌరపవనం అంటారు. అది భూమి అయస్కాంత క్షేత్రాన్ని నొక్కి, లాగి, మెలిపెట్టి, ధ్రువ ప్రాంతాల పై గాలిలో విద్యుత్ప్రవాహాలు నడిపిస్తుంది. విద్యుత్తు పారితే ఇస్త్రీపెట్టె ఎలా వేడెక్కుతుందో, పై గాలి అలాగే వేడెక్కుతుంది. మామూలు రోజుల్లో ఈ రాబడి అతినీలలోహిత కిరణాలకంటె బాగా తక్కువ. అయస్కాంత తుఫాను వచ్చిన రోజున మాత్రం దానిని మించిపోవచ్చు.

దీనివల్ల మనకేమిటంటారా? వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది. వ్యాకోచించిన పై గాలి ఉపగ్రహాల దారిలోకి లేస్తుంది. ఉపగ్రహానికి గాలి తగిలి వేగం తగ్గుతుంది, తగ్గితే కిందికి జారుతుంది. అమెరికావారు 1973లో పంపిన స్కైలాబ్ అనే అంతరిక్షశాల 1980 తరువాత కూడా పైనే ఉంటుందని లెక్క వేశారు. కాని సూర్యుడు అనుకొన్నదానికంటె ఉద్ధృతంగా ఉండడంతో పై గాలి ఉబ్బి, 77 టన్నుల ఆ కట్టడం 1979 జూలై 11న కూలిపోయింది. ముక్కలు హిందూ మహాసముద్రంలోను, పశ్చిమ ఆస్ట్రేలియాలోను పడ్డాయి. ఆ రోజులలో మన పల్లెలలో ఎంత భయమో మీ తాతయ్యలను, అమ్మమ్మలను అడగండి. ఎలాగూ చస్తామని కోళ్లు, మేకలు కోసుకొని తిన్నవారున్నారు. ఆ యేడు పుట్టిన పిల్లవాడికి స్కైలాబ్ అని పేరు పెట్టినవారూ ఉన్నారు. లక్ష రూపాయలలో అర్ధరూపాయి లెక్క తప్పితే ఇంత గొడవ!

ఇది పాత ముచ్చట కాదు. 2022 ఫిబ్రవరి 3న ఒకేసారి పంపిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాలలో 38 పైకి ఎక్కలేక గాలిలో కాలిపోయాయి. ఆ వచ్చిన అయస్కాంత తుఫాను పెద్దది కూడా కాదు. 2024 మే నెలలో వచ్చినదే పెద్దది. ఆ రాత్రి లడఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడి ధ్రువజ్యోతి కనబడింది. ఆ ఎరుపు రెండువందల కిలోమీటర్లకు పైన ఉన్న ఆక్సిజన్ పరమాణువుల కాంతి.

మూడవ రాబడి కిందినుండి వస్తుంది. ఇది నాకెంతో ఇష్టమైనది. ఉరుములమబ్బు పొంగినప్పుడు, కొండలమీదుగా గాలి దూకినప్పుడు, చెరువులో రాయి వేసినట్లు గాలిలో అలలు పుట్టి పైకి ప్రయాణం చేస్తాయి. పైకి పోయేకొద్దీ గాలి పలుచనవుతుంది కనుక అదే శక్తికి అల పెద్దదవుతుంది. కొరడా పిడి దగ్గర కొంచెం కదిపితే సన్నని కొస ఎలా విసురుగా కొడుతుందో ఆలోచించండి. చివరకు 80, 100 కిలోమీటర్ల ఎత్తున ఆ అలలు ఒడ్డున కెరటాల్లా విరిగి తమ ఊపును అక్కడి గాలికి ఇచ్చివేస్తాయి. తిరుపతికి దగ్గరలోని గాదంకిలో పెద్ద రాడారు ఒకటి ఉంది. మన పై గాలిలోని ఇటువంటి కదలికలను అది ఏళ్ల తరబడి గమనిస్తూనే ఉంది.

ఈ అలలు చేసే వింత ఒకటి చెబుతాను, "సూర్యుడు" అని రాసి ఊరుకొనేవారికి ఇది మంచి పరీక్ష. భూమి వాతావరణంలో అన్నిటికంటె చల్లని చోటు ఎక్కడ? నడివేసవిలో ధ్రువం మీద, 85, 90 కిలోమీటర్ల ఎత్తున. అక్కడ సూర్యుడు ఇరవైనాలుగు గంటలూ అస్తమించడు. అయినా ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 130, 140 డిగ్రీలు. సూర్యుడే కనబడని శీతకాలపు ధ్రువంమీద అదే ఎత్తున గాలి ఇంతకంటె వెచ్చన! అలల తోపుడు వల్ల వేసవి ధ్రువం మీద గాలి పైకి లేస్తుంది, లేచి వ్యాకోచించి చల్లబడుతుంది. అక్కడినుండి రెండవ ధ్రువానికి పోయి కిందికి దిగుతుంది, దిగుతూ నొక్కుకొని వెచ్చబడుతుంది. సైకిలు పంపు కొడితే గొట్టం వేడెక్కడం, ట్యూబు గాలి వదిలితే చల్లగా తగలడం మీకు తెలిసినదే. అంతకుమించి ఇందులో మర్మం లేదు.

ఇక ఖర్చు పద్దు. దీనిని చెప్పడానికి శుక్రుడికంటె మంచి పాఠం లేదు. శుక్రగ్రహం మనకంటె సూర్యుడికి దగ్గర. సూర్యకాంతి అక్కడ మనకు అందేదానికి దాదాపు రెండింతలు. అయితే 1978లో అక్కడికి చేరిన పయనీర్ వీనస్ నౌక ఏమి చూసింది? ఆ గ్రహపు నేల సీసం కరిగేటంత వేడి, కాని పై గాలి పగటిపూట సుమారు 30 డిగ్రీలు మాత్రమే. మన ఊళ్లో ఫిబ్రవరి మధ్యాహ్నమంత! రాత్రి వైపు సున్నాకు దిగువన 170 డిగ్రీల వరకు పడిపోతుంది. రాబడి రెండింతలున్న ఇంట్లో నిలువ ఎందుకు లేదు? ఖర్చు ఎక్కువ కనుక. శుక్రుని వాతావరణంలో నూటికి 96 పాళ్లు కార్బన్ డయాక్సైడు. కింద, దట్టమైన గాలిలో, ఈ వాయువు నేలనుండి వచ్చే వేడిని కంబళిలా పట్టి ఉంచుతుంది. పైన, పలుచని గాలిలో, తాకిడులవల్ల వచ్చిన వేడిని పరారుణ కిరణాలుగా మార్చి ఆకాశంలోకి విడిచిపెడుతుంది. ఒకే వాయువు కింద పొదుపరి, పైన దుబారా మనిషి. భూమిమీద ఆ ఎత్తున ఈ వాయువు చాలా తక్కువ. కనుక మన పై గాలి తన వేడిని ఎక్కువగా కిందికి జారవేసి వదిలించుకోవాలి. అది నిదానమైన పని, అందుకే మనకు వేడి నిలువ ఉంటుంది.

ఇప్పుడు బృహస్పతి దగ్గరకు పోదాం. సూర్యునినుండి దాని దూరం మన దూరానికి 5.2 రెట్లు. కాంతి దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుందని మీరు చదివారు. 5.2ను 5.2తో గుణించండి, 27. అంటే అక్కడ అందే సూర్యకాంతి మనకు అందేదానిలో 27వ వంతు. ఆ లెక్కన దాని పై గాలి సున్నాకు దిగువన 70 డిగ్రీల దగ్గర ఉండాలి. 1979లో వాయేజర్ నౌకలు కొలిచాయి. 1995 డిసెంబరులో గెలీలియో నౌక విడిచిన పరికరం స్వయంగా ఆ గాలిలోకి దూకి కొలిచింది. రెండూ చెప్పినది వందల డిగ్రీల వేడి! శని, యురేనస్, నెప్ట్యూన్‌లలో కూడా ఇంతే. రాబడి కనబడదు, ఇంట్లో మాత్రం సొమ్ముంది. శాస్త్రజ్ఞులు దీనికి "శక్తి సంక్షోభం" అని పేరు పెట్టుకొని దశాబ్దాల తరబడి తల గోక్కున్నారు. వారు ఏదో ఒక పేరు రాసి ప్రశ్నను మూసివేయకుండా, "లెక్క కుదరలేదు" అని అన్నేళ్లు తెరిచి ఉంచడమే నాకు అన్నిటికంటె గొప్పగా తోస్తుంది.

రాబడి ఒకటి బృహస్పతి ధ్రువాల దగ్గర కనబడుతూనే ఉంది. దాని ఉపగ్రహం అయోమీద అగ్నిపర్వతాలున్నాయి. అవి కక్కిన వాయువులో సెకనుకు సుమారు ఒక టన్ను అయోను విడిచిపోయి, ఎలక్ట్రాన్లు ఊడి, బృహస్పతి అయస్కాంత క్షేత్రానికి చిక్కుతుంది. ఆ క్షేత్రం గ్రహంతోపాటు పది గంటలకొక చుట్టు తిరుగుతూ ఈ బరువునంతా ఈడ్చుకొని పోవాలి. ఆ ఈడ్పు పై గాలిలో పెద్ద విద్యుత్ప్రవాహాలుగా నడిచి ధ్రువాలను వేడెక్కిస్తుంది. పాత సైకిలుకు డైనమో ఉండేది. దానిని చక్రానికి ఆనిస్తే దీపం వెలిగేది, తొక్కడం బరువయ్యేది. ఇక్కడ తొక్కేది బృహస్పతి భ్రమణం. చూశారా, ఈ వేడికి మూలం సూర్యుడే కాదు! జవాబు పత్రంలో "సూర్యుని నుండి" అని రాస్తే ఇక్కడ సున్నా వేయాలి.

అయితే ధ్రువాల వేడి మధ్యరేఖవరకు ఎలా వస్తుంది? అంత వేగంగా తిరిగే గ్రహంమీద గాలులు వంగిపోయి ధ్రువాల చుట్టూనే తిరుగుతాయి, వేడి అక్కడే చిక్కుబడుతుంది అని లెక్కలు చెప్పాయి. 2021లో ఒక సమాధానం దొరికింది. హవాయి ద్వీపంలోని కెక్ దూరదర్శినితో 2016, 2017లలో తీసిన కొలతలను పటంగా కూర్చితే, ధ్రువాల దగ్గర 700 డిగ్రీల ప్రాంతం ఉన్న వేడి మధ్యరేఖకు వచ్చేసరికి మెట్టు మెట్టుగా దిగి 330 ప్రాంతానికి వచ్చింది. ఒక వేడి పట్టె ధ్రువంవైపు నుండి మధ్యరేఖవైపుకు కదలడం కూడా కనబడింది. అంటే వేడి ప్రయాణం చేస్తున్నది. 2017లో శనిలోకి దూకి అంతమైన కాసిని నౌక చివరి కొలతలు కూడా ఇదే దారిని చూపాయి: కింది నుండి వచ్చే అలలు గాలుల జోరును ఆపి, వేడికి తోవ ఇస్తున్నాయట. అలల వాటా ఎంత, ప్రవాహాల వాటా ఎంత అన్న బేరం మాత్రం ఇంకా సాగుతూనే ఉంది.

తోటి మాస్టర్లు కొందరు నాతో అంటారు: "పొరల పేర్లే సరిగా రాయలేని పిల్లలకు బృహస్పతి ఎందుకయ్యా?" నా ఉద్దేశం వేరు. పొరల పేర్లు మరచిపోతే పుస్తకం తెరిచి చూసుకోవచ్చు. శక్తి నిత్యత్వ సూత్రం తొమ్మిదిలోనే చదువుతున్నారు, వర్గం చేయడం అంతకంటె ముందే వచ్చు. పైన చేసిన లెక్కలలో మీకు రానిది ఏదైనా ఉందా? శని దూరం 9.5 రెట్లు, నెప్ట్యూన్ దూరం 30 రెట్లు. కాగితంమీద వర్గం చేసి చూసుకోండి. ఆ లెక్క చేసిన పిల్లవాడు నెప్ట్యూన్ పై గాలిలో వందల డిగ్రీల వేడి ఉందని వింటే, ఎవరూ నేర్పకుండానే "మరి మిగతాది ఎక్కడిది?" అంటాడు. పేర్లు కంఠస్థం చేసినవాడికి ఆ ప్రశ్న పుట్టదు. పరీక్షలో ఒక మార్కు పేరుకు, నాలుగు మార్కులు పద్దుకు ఇవ్వాలని నేను అనేది అందుకే. మీ మాస్టారిని, టీచరమ్మను కూడా మర్యాదగా అడుగుతూ ఉండండి: "ఎంత వచ్చిందండీ? ఎటు పోయిందండీ?" విసుక్కొంటే మరునాడు మళ్లీ అడగండి.

అడగవలసినవి మిగిలే ఉన్నాయి. యురేనస్ దగ్గరకు ఇంతవరకు పోయిన నౌక ఒక్కటే, 1986లో వాయేజర్ 2. అప్పుడు దాని పై గాలి 500 డిగ్రీల ప్రాంతం. అప్పటినుండి దూరదర్శినులతో చూస్తూ ఉంటే ఏటేటా చల్లబడుతూనే ఉంది. కెల్విన్ మానంలో చూస్తే దాదాపు సగమైంది. 84 ఏండ్ల సంవత్సరంగల గ్రహం కదా, ఋతువు మారడమే కారణమనుకొన్నారు. 2007లో అక్కడ విషువత్తు వచ్చి ఋతువు తిరిగినా చల్లబడడం ఆగలేదు. 2024లో కొందరు శాస్త్రజ్ఞులు సౌరపవనాన్ని పట్టుకొన్నారు: దాని ఒత్తిడి 1990 ప్రాంతంనుండి మెల్లగా తగ్గుతూ వచ్చింది, యురేనస్ చల్లదనం దానితో అడుగు కలిపి నడిచింది. అంతదూరాన కాంతి రాబడి బొత్తిగా తక్కువ కనుక పవనం రాబడే పెద్దదయిందన్నమాట.

మన భూమి చిట్టాలో మారుతున్నది ఖర్చు వైపు. మనం కాల్చే బొగ్గు, పెట్రోలువల్ల పెరిగే కార్బన్ డయాక్సైడు కింద భూమిని వేడెక్కిస్తుందని మీకు తెలుసు. శుక్రుని పాఠం గుర్తున్నవారు పైన ఏమవుతుందో ఇప్పటికే ఊహించి ఉంటారు. రోబుల్, డికిన్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1989లోనే లెక్క కట్టి, థర్మో ఆవరణం చల్లబడి కుంచించుకు పోతుందన్నారు. ఉపగ్రహాలు జారే తీరును బట్టి చూస్తే అది జరుగుతున్నది. పైన గాలి పలుచబడితే ఉపగ్రహాలకు అడ్డు తగ్గుతుంది, మంచిదే. కాని పగిలిన రాకెట్ల తునకలకు, చచ్చిన ఉపగ్రహాలకు కూడా అడ్డు తగ్గుతుంది. రాడార్లకు చిక్కి లెక్కలోకి వచ్చినవే ఇరవైవేలకు పైన ఉన్నాయి. వాటిని కిందికి లాగి కాల్చివేసే చీపురు ఆ పై గాలి ఒక్కటే. ఆ చీపురు ఎంత అరిగిపోతున్నదో, దశాబ్దానికి ఎంత శాతమో, ఉద్ధృతంగా ఉన్న సూర్యుడు వచ్చిన ఏడాది అది మళ్లీ ఎంత గుబురవుతుందో కొలిచే పని మీ వయసు పిల్లలు పెద్దవారయ్యేవరకు కూడా సాగుతుంది.